గీసే ముందు మమ్మల్ని అడగండి: డిజైనర్లకు, వారికి పని అప్పగించేవారికి బహిరంగ లేఖ

డిజైనర్లకు, ఆర్కిటెక్ట్‌లకు, చిత్రకారులకు, శిల్పులకు, వారికి పాఠం చెప్పే అధ్యాపకులకు, వారికి పని అప్పగించే అధికారులకు, సంస్థల యజమానులకు

నమస్కారం.

మీ పని మీద మాకు గౌరవం ఉంది. మేం ఎక్కే మెట్టు, కూర్చునే బెంచీ, నొక్కే బటన్, చదివే బోర్డు, నింపే ఫారం అన్నీ మీ చేతుల మీదుగా వచ్చినవే. అందుకే గోడు కూడా మీకే చెప్పుకోవాలి. ఇంతకుముందు ఎవరికి వారికి విడిగా చెప్పి చూశాం. వినేవాళ్లు లేకపోవడంతో ఇప్పుడు అందరి ముందూ చెప్పాల్సి వస్తోంది.

చూపు తగ్గినవాళ్లకు, చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు, స్క్రీన్ అలవాటు లేనివాళ్లకు దరఖాస్తులు నింపడంలో సాయపడటం చాలా కాలంగా నేను చేస్తున్న పని. ఒక ప్రజాసేవకు సంబంధించిన దరఖాస్తు కాగితం మీద ఉన్నన్నాళ్లూ ఆ పని తేలిగ్గానే సాగింది. తర్వాత దాన్ని ఆన్‌లైన్‌లోకి మార్చారు. చూడటానికి చాలా బాగుంది. తెల్లటి తెర, సన్నటి అక్షరాలు, ఎక్కడా గళ్లు లేవు, గీతలు లేవు. నింపడానికి కూర్చున్నాక గానీ ఇబ్బంది తెలియలేదు. పుట్టిన తేదీ దగ్గర వేలు పెడితే క్యాలెండర్ తెరుచుకుంటుంది, అదీ ఈ నెల దగ్గర. డెబ్బై ఏళ్ల మనిషి తాను పుట్టిన నెలకు చేరాలంటే వెనక్కి వెళ్లే బాణం గుర్తును ఎనిమిది వందల సార్లకు పైగా నొక్కాలి. పైనున్న సంవత్సరం అంకె మీద నొక్కితే నేరుగా ఆ ఏడాదికి వెళ్లొచ్చు. కానీ అక్కడ నొక్కవచ్చని చెప్పే గుర్తు ఏదీ లేదు. ఒక పెద్దావిడ కొన్ని ఏళ్లు వెనక్కి వెళ్లి, వేలు నొప్పెట్టి, "ఇంత వయసు రావడమే తప్పయిందా బాబూ" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టేశారు.

ఇబ్బంది అక్కడితో ఆగదు. పేజీ చివరనున్న బటన్ బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఎందుకు పనిచేయడం లేదో చెప్పదు. తప్పు జరిగిందని చెప్పే ఎర్ర గీత పేజీ మొదట్లో పడుతుంది, కింద ఉన్న మనిషికి కనిపించదు. పైకి వెళ్లి చూసినా ఎరుపును పోల్చుకోలేని కళ్లకు ఏమీ తెలియదు. ఈలోగా సమయం అయిపోయిందని నింపినదంతా చెరిగిపోతుంది. మళ్లీ మొదటికి రావాలి.

ఇవన్నీ వివరంగా రాసి, తెర ఫొటోలు జతచేసి ఆ కార్యాలయానికి పంపాం. మీ సూచన నమోదైందని జవాబు వచ్చింది. కొన్నాళ్లకు అది పరిష్కారమైనట్లు చూపించి మూసేశారు. ఫారం ఇప్పటికీ అలాగే ఉంది. కార్యాలయం వాళ్లను అడిగితే నిపుణులు చేసిన డిజైన్ అన్నారు. ఆ నిపుణులను అడిగితే క్లయింట్ చెప్పినట్లే చేశామన్నారు. అలా ఒకరి మీద ఒకరు వేసుకుంటున్నారు. ఇంతమందిని ఏడిపిస్తున్న వస్తువుకు నాది బాధ్యత అనేవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

ఈ లేఖ ఆ ఒక్క ఫారం గురించి కాదు. తలుపు వెడల్పు ఎంతో నిర్ణయించినవారు, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా లేదా అన్నది కూడా ఆ క్షణంలోనే నిర్ణయించేశారు. ఇదే నిర్ణయం చట్టసభలో జరిగితే చర్చ ఉంటుంది, ఓటింగ్ ఉంటుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. మీ బల్ల మీద జరిగితే ఇవేవీ ఉండవు. కానీ దాని కింద బతికేది మేమే. ఆ నిర్ణయాలు మామూలు మనుషుల మీద ఎలా పడుతున్నాయో కింద వరసగా రాస్తున్నాను.

1. ఓటు దారి తప్పుతుంది.

2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్ గురించి మీలో చాలామంది చదివే ఉంటారు. అభ్యర్థులు ఎక్కువమంది ఉన్నారు. అన్ని పేర్లూ ఒకే పేజీలో పెడితే అక్షరాలు చిన్నవైపోతాయని, ముసలివాళ్లు చదవలేరని, పేర్లను ఎదురెదురుగా రెండు పేజీల్లో సర్దారు. చిల్లు పొడవాల్సిన చుక్కలన్నీ మధ్యలో ఒకే వరసలో వచ్చాయి. ఎడమవైపు మొదటి పేరు బుష్, రెండో పేరు గోర్. కానీ రెండో చుక్క గోర్‌ది కాదు. అది కుడివైపు పేజీలో మొదటి పేరైన బుకానన్‌ది. గోర్‌ది మూడో చుక్క. ఎడమ పేజీ చదువుకుంటూ వచ్చిన మనిషి రెండో పేరుకు రెండో చుక్క అనుకోవడంలో తెలివితక్కువతనం ఏముంది? ఆ ఒక్క కౌంటీలోనే 19 వేలకు పైగా బ్యాలెట్లు ఒకరి కంటే ఎక్కువమందికి పొడిచినట్లు తేలి చెల్లకుండా పోయాయి. అధ్యక్షుడెవరో తేల్చిన ఫ్లోరిడాలో బుష్ గెలుపు తేడా 537 ఓట్లు. ఆ 19 వేల మందిలో ఎవరు ఎవరికి వేయాలనుకున్నారో ఇక తేల్చలేం. కానీ వాళ్ల ఓటు లెక్కలోకి రాలేదన్నది మాత్రం నిజం.

ఇందులో దురుద్దేశం లేదు. ముసలివాళ్లకు మేలు చేద్దామనే అక్షరాలు పెంచారు. అందుకే ఈ ఉదాహరణ మొదట పెట్టాను. మంచి మనసు ఒక్కటే ఉంటే చాలదు. ఒక పది మంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఆ కాగితం చేతికిచ్చి, ఫలానా పేరుకు ఓటు వేయండి అని చెప్పి చూసి ఉంటే ఈ తికమక ముందే బయటపడే అవకాశం ఉండేది.

2. ప్రాణాల మీదికి వస్తుంది.

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీద దానికి ఒక దీపం ఉంది. మూసుకోమని వాల్వుకు ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే ఆ దీపం చెబుతుంది. వాల్వు నిజంగా మూసుకుందో లేదో చెప్పదు. దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకుందనే అక్కడి సిబ్బంది నమ్మారు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరచాల్సిన నీరు బయటికి పోతూనే ఉంది. రియాక్టర్ గుండె కొంత కరిగిపోయింది. ఆ ఉద్యోగుల మీద తర్వాత ఎన్నో నిందలు పడ్డాయి. ఆ దీపం ఏం చెప్పాలో నిర్ణయించిన బల్ల దగ్గరికి ఎంతమంది వెళ్లారు?

కార్ల సంగతి చూడండి. ప్రమాద పరీక్షల్లో దశాబ్దాల పాటు సగటు మగవాడి ఒడ్డూ పొడుగూ ఉన్న బొమ్మలనే ప్రధానంగా కూర్చోబెట్టారు. అమెరికా ప్రమాదాల లెక్కలు తీసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం, సీటు బెల్టు పెట్టుకున్నా సరే, తీవ్రంగా గాయపడే అవకాశం మగ డ్రైవర్ల కంటే మహిళా డ్రైవర్లకు 47 శాతం ఎక్కువని తేల్చింది. ఎవరి ఒంటిని కొలతగా తీసుకున్నామన్నది ఇక్కడ చావుబతుకుల ప్రశ్న అయింది.

3. కొందరి ముఖాలు లెక్కలోకే రావు.

కలర్ ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ సంస్థ ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. అందులో ఉండేది తెల్ల చర్మం ఉన్న యువతి. ఆమె ముఖం బాగా వస్తే ఫిల్మ్ బాగున్నట్లే. నల్లటి, గోధుమ రంగు ముఖాలు మసకబారినా, వివరం పోయినా అది ఫిల్మ్ లోపం అని ఎవరూ అనుకోలేదు. చెక్క సామాను, చాక్లెట్ ఫొటోలు తీసేవాళ్లు గోధుమ రంగుల్లో తేడా సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాకే ఆ దిశగా కదలిక వచ్చిందని ఆ సంస్థలో పనిచేసినవారే తర్వాత చెప్పారు. స్కూలు గ్రూప్ ఫొటోలో బిడ్డ ముఖం నల్లటి మచ్చలా వస్తే ఒక తల్లికి కలిగే బాధకు అంత విలువ దొరకలేదు. రాసేటప్పుడు కూడా నాకు కోపం వచ్చే విషయం ఇది. ఫొటో కళ అనుకుంటాం. ఆ కళ ఎవరిని చూడగలదో, ఎవరిని చూడలేదో రసాయనాలు కలిపే దగ్గరే ఖాయమైపోయింది.

4. అందరి చోటు కొందరిదైపోతుంది.

ఎవరూ పడుకోకుండా మధ్యలో ఇనుప కడ్డీలు పెట్టిన బెంచీలు, ఎక్కువసేపు కూర్చోలేని ఏటవాలు సీట్లు, గోడ పక్కన చతికిలబడకుండా నేల మీద మొలిపించిన మేకులు ఎన్నో నగరాల్లో కనిపిస్తున్నాయి. ఇల్లు లేనివాణ్ని అక్కడి నుంచి లేపడం వాటి ఉద్దేశం. ఇబ్బంది మాత్రం అతనితో ఆగడం లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు, చంటిబిడ్డతో వచ్చిన తల్లి, ఆస్పత్రి నుంచి నడిచివస్తూ కాసేపు నడుము వాల్చాలనుకున్న రోగి, అందరూ నష్టపోతున్నారు. పైగా ఇల్లు లేనివాడికి దీనివల్ల ఇల్లేమీ రాలేదు. అతను కళ్ల ముందు నుంచి తప్పుకున్నాడు, అంతే. ఇలాంటి వాటిని గీసిన చేతులకు చెబుతున్నాను: ఇది మీ నైపుణ్యానికి తగిన పని కాదు.

న్యూయార్క్‌లో 1981లో ఒక ప్రభుత్వ కార్యాలయాల భవనం ముందున్న చౌకులో శిల్పి రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న వంపు తిరిగిన ఉక్కు గోడను నిలబెట్టారు. అక్కడ రోజూ పనిచేసేవాళ్లకు అది దారికి అడ్డమైంది. తీసేయమని సంతకాలు చేశారు. 1985లో విచారణ జరిగితే మాట్లాడినవారిలో ఎక్కువమంది శిల్పాన్ని ఉంచాలనే చెప్పారు, వాళ్లలో కళారంగం వాళ్లు చాలామంది. చివరికి 1989లో దాన్ని ముక్కలుగా కోసి తీసుకుపోయారు. నా దృష్టిలో ఆ కథలో రెండు పక్షాలూ ఓడిపోయాయి. గొప్ప శిల్పం పోయింది. జనానికి కళ అంటే తమ మీద పెత్తనం అనే భావన మిగిలింది. నిలబెట్టడానికి ముందు ఆ చౌకులోంచి రోజూ నడిచేవాళ్లతో కూర్చుని మాట్లాడటం పని అప్పగించిన సంస్థ చేయాల్సింది. ఆ బాధ్యత శిల్పి కంటే ఎక్కువగా సంస్థదే.

5. మా నమ్మకంతో ఆడుకుంటున్నారు.

కొనే బటన్ పెద్దగా, రంగుల్లో. వద్దనే మాట చిన్నగా, బూడిదలో. చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి ఐదు పేజీలు. ఇలాంటి మోసపు డిజైన్లకు డార్క్ ప్యాటర్న్స్ అని బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో పేరు పెట్టారు. భారతదేశంలో 2023 నవంబరులో 13 రకాలను గుర్తిస్తూ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. మనిషి కన్ను ముందు ఎక్కడ పడుతుందో, వేలు ఎటు వెళ్తుందో మీరు చదువుకున్న విద్య. దాన్ని మా మీదికే తిప్పకండి.

6. గుట్టు పోతుంది.

దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తెర అర్థం కానప్పుడు మనిషి ఏం చేస్తాడు? పక్కవాణ్ని అడుగుతాడు. ఫోన్ చేతికిస్తాడు. పాస్‌వర్డ్ పైకి చదువుతాడు. వచ్చిన ఓటీపీ అందరికీ వినపడేలా చెబుతాడు. తన జబ్బు పేరు, ఆదాయం, ఇంట్లో ఎవరు విడిపోయారు, ఎవరు చనిపోయారు అన్నీ ముక్కూమొహం తెలియనివాడి ముందు విప్పుకోవాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో భర్తకు తెలియకుండా దరఖాస్తు పెట్టుకోవాలనుకునే స్త్రీలు ఉంటారు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి చెబుతారు, చుట్టూ చూసుకుంటూ. సొంతంగా నింపుకోగలిగే ఫారం అయితే వాళ్లకు ఆ టెన్షన్ ఉండేది కాదు. పైగా మేం సాయపడుతున్నాం కాబట్టి సరిపోయింది. అదే ఫోన్ మోసగాడి చేతిలో పడితే? ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని ఒకవైపు ప్రచారం చేస్తారు. ఇంకోవైపు చెప్పక తప్పని తెరలు చేసి మా చేతికిస్తారు.

ఇదంతా ఏ కొద్దిమంది సమస్యో అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం గణనీయమైన వైకల్యంతో బతుకుతున్నవారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వీరికి ముసలితనం, చదువు లేకపోవడం, భాష రాకపోవడం, చేయి విరిగి కట్టు కట్టుకోవడం కలపండి. బతికి బట్టకట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఆ వరసలో నిలబడాల్సినవాళ్లే.

ఇక్కడ కళాకారులకు ఒక మాట. జనాన్ని అడగాలనగానే కళ మీద ఓటింగ్ పెట్టమంటున్నారా అని మీకు అనుమానం రావచ్చు. అలా అడగడం లేదు. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా గోడ మీద వేస్తున్న చిత్రంలో లెనిన్ ముఖం ఉందని యజమానులు పని ఆపేశారు, మరుసటి ఏడాది దాన్ని పగలగొట్టేశారు. అది తప్పు. డబ్బిచ్చినవాడికి నచ్చలేదనో, గుంపుకు కోపం వచ్చిందనో బొమ్మను చెరిపేయడాన్ని మేం సమర్థించం. మీ కాన్వాసు, మీ గ్యాలరీ మీ ఇష్టం. నచ్చనివాళ్లు రాకుండా ఉండొచ్చు. కానీ తప్పించుకోవడానికి వీల్లేని చోట, మేం రోజూ దాటాల్సిన దారిలో, తప్పనిసరిగా నింపాల్సిన ఫారంలో, మీ స్వేచ్ఛకు మా బతుకు కూడా తోడవుతుంది. ఆ తేడా గుర్తించమంటున్నాం.

అడగడం అంటే నలుగురికీ నచ్చేలా నీరుగార్చడం కూడా కాదు. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయినవారి స్మారకానికి 1981లో పోటీ పెడితే 1,421 నమూనాలు వచ్చాయి. పేర్లు తెలియకుండా చూసి న్యాయనిర్ణేతలు ఎంచుకున్నది 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసినది. విగ్రహం లేదు, జెండా లేదు. నేలలోకి దిగిన నల్ల గ్రానైట్ గోడ, దాని మీద పేర్లు. పెద్ద గొడవే అయింది, మాజీ సైనికుల్లో కొందరు అవమానం అన్నారు. కానీ ఆమె ఆ గోడకు ఎవరు వస్తారో ఆలోచించింది. పేర్లు అక్షర క్రమంలో లేవు, చనిపోయిన తేదీల క్రమంలో ఉన్నాయి. ఒకే రోజు పోయిన స్నేహితులు గోడ మీద దగ్గరదగ్గరగా ఉంటారు. నున్నగా చేసిన రాయిలో, చదివేవాళ్ల ముఖం ఆ పేర్ల మీద కనిపిస్తుంది. అక్షరం చేతికి అందుతుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది పేరును ఇంటికి తీసుకుపోతారు. జనాన్ని మనసులో పెట్టుకుని ధైర్యంగా చేసిన కళ అలా ఉంటుంది.

మామూలు మనిషి కోసం చేసిన పని కూడా మీ చరిత్రలో తక్కువేమీ లేదు. వియన్నాలో సామాజిక శాస్త్రవేత్త ఓటో నాయ్‌రాట్ 1925లో పెట్టిన మ్యూజియంలో జనాభా, ఇళ్లు, జబ్బుల లెక్కలను బొమ్మలుగా మార్చేవారు. సంఖ్య పెరిగితే బొమ్మ పెద్దదవదు, బొమ్మల సంఖ్య పెరుగుతుంది. లెక్క పెట్టుకోగలిగిన ఎవరికైనా తెలిసిపోతుంది. అక్కడ గణాంక నిపుణుడికీ చిత్రకారుడికీ మధ్య ఒక ప్రత్యేకమైన ఉద్యోగం ఉండేది. ఏది చూపించాలి, ఎలా చూపిస్తే చదువురాని కార్మికుడికి అర్థమవుతుంది అని తేల్చడం ఆ పని. మరీ రైడెమైస్టర్ దాన్ని ఏళ్ల తరబడి చేశారు. చూసే జనం తరఫున పూచీపడే మనిషిగా నాయ్‌రాట్ ఆ ఉద్యోగాన్ని భావించారు. ఇవాళ మీ ఆఫీసుల్లో ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

బ్రిటన్‌లో 1965 నుంచి వచ్చిన రోడ్డు గుర్తులను జాక్ కినియర్, మార్గరెట్ కాల్వర్ట్ చేశారు. పిల్లలు దాటే చోట పాత బోర్డు మీద టోపీ పెట్టుకున్న అబ్బాయి అమ్మాయిని నడిపిస్తూ ఉండేవాడు. ఏరి చేర్చుకున్న పిల్లల బడి (గ్రామర్ స్కూలు) వాసన కొడుతోందని కాల్వర్ట్‌కు అనిపించింది. తన చిన్ననాటి ఫొటో ఆధారంగా, ఒక చిన్నబ్బాయి చేయి పట్టుకుని నడిపిస్తున్న అమ్మాయిని గీశారు. అంత చిన్న బొమ్మలో సమాజంలో ఎవరు ముందు నడవాలన్న ప్రశ్న ఉందని ఆమె గుర్తించారు.

జపాన్‌లో సెయిచి మియాకె చూపు తగ్గుతున్న స్నేహితుడి కోసం 1965లో గుండీల్లా ఉబ్బెత్తుగా ఉండే నేల పలకలు తయారుచేశారు. 1967 మార్చి 18న ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు మీద మొదటిసారి వేశారు. ఇవాళ ప్రపంచమంతా స్టేషన్లలో పాదాల కింద తగులుతున్నవి అవే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 వరకు ఖాళీ జాగాల్లో, మూలల్లో 700కు పైగా పిల్లల ఆటస్థలాలు చేశారు. ఇసుక గొయ్యి, పల్టీలు కొట్టే కడ్డీలు, అడుగులు వేసే రాళ్లు, అంతే. మొదటిది చూశాక మా వీధికీ ఒకటి కావాలని జనం నగరపాలక సంస్థకు ఉత్తరాలు రాశారు. నగరపాలక సంస్థ వాటిని చదివింది, కట్టింది. ఉత్తరం చదివితే ఏం జరుగుతుందో అధికారులు అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

మీ రంగం ఇచ్చిన మాటలూ గుర్తు చేయాలి. కళ కొందరికే దక్కేదైతే తనకు వద్దని 1877లోనే ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ అన్నారు. ఆయన కార్ఖానా సరుకు మాత్రం ఎక్కువగా డబ్బున్నవాళ్లే కొన్నారు. 1919లో జర్మనీలో మొదలైన డిజైన్ పాఠశాల బౌహౌస్ ఆడామగా తేడా లేదని ప్రకటించింది, తీరా చేరాక ఆడపిల్లలను ఎక్కువగా నేత విభాగం వైపే పంపింది. 1964లో బ్రిటన్ గ్రాఫిక్ డిజైనర్ కెన్ గార్లండ్, ఆయన తోటివారు ప్రకటనల కోసమే మన నైపుణ్యమంతా ఖర్చవుతోందని, సమాజానికి పనికొచ్చే వాటికి వాడాలని బహిరంగంగా రాశారు. 2000లో దాన్ని మళ్లీ రాయాల్సి వచ్చింది. ప్రకటనలకు కొదవ లేదు. మాకు కావాల్సింది అమలు.

కాబట్టి ఈ కిందివి అడుగుతున్నాం.

1. జనం తప్పనిసరిగా వాడాల్సిన ఏ వస్తువునైనా, ఫారం కావచ్చు, యాప్ కావచ్చు, భవనం కావచ్చు, విడుదలకు ముందు దాన్ని వాడబోయేవాళ్లతో పరీక్షించాలి. అందులో వృద్ధులు, చూపు లేనివారు, చదువు తక్కువైనవారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు తప్పకుండా ఉండాలి. వాళ్ల సమయానికి డబ్బు చెల్లించాలి. ఎక్కడ ఆగిపోయారో రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

2. చేసిన పని మీద పేరు ఉండాలి. ఎవరు గీశారు, ఏ అధికారి ఒప్పుకున్నారు, ఎప్పుడు మార్చారు, ఎవరికి చెప్పాలి అన్నవి అక్కడే ఉండాలి.

3. ఫిర్యాదు వస్తే, సరిచేసే వరకు దాన్ని మూసేయకూడదు. సరిచేయకూడదని నిర్ణయిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. డిజైన్ కాంట్రాక్టులో మొదటి ఏడాది దిద్దుబాట్లకు విడిగా డబ్బు కేటాయించాలి. విడుదల రోజుతో బిల్లు తీరిపోతే తర్వాత పట్టించుకునేవాడు ఉండడు.

4. వెబ్ ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలని ఉంది. కొలవడానికి ఉచిత పనిముట్లు ఉన్నాయి. ప్రజాసేవల తెరలన్నీ దీన్ని పాటించాలి. రంగు ఒక్కదానితోనే ఏ సమాచారమూ చెప్పకూడదు, పక్కన మాట రాయాలి.

5. తెరతో పాటు కాగితం, కిటికీ దగ్గర మనిషి కూడా ఉండాలి. అన్నీ ఆన్‌లైన్ అని రెండో దారి మూసేయవద్దు.

6. బహిరంగ స్థలంలో కళాఖండం పెట్టేటప్పుడు అక్కడ రోజూ తిరిగేవాళ్లతో ముందే సమావేశం పెట్టాలి. ఎంపిక కమిటీలో వాళ్ల ప్రతినిధి ఉండాలి. ఒకసారి ఒప్పుకుని పెట్టాక మాత్రం, ఎవరో అరిచారని శిల్పిని వదిలేయకుండా సంస్థ నిలబడాలి.

7. జనాన్ని తరిమే బెంచీలు, మేకులు, మోసపు బటన్లు గీయబోమని మీ వృత్తి సంఘాలు నియమావళిలో రాసుకోవాలి. గీయనన్నందుకు ఉద్యోగం పోయే డిజైనర్‌కు సంఘం అండగా నిలవాలి. క్లయింట్ చెప్పాడు, చేశాను అనే మాట వెనక చాలామందికి ఇంటి అద్దె భయం ఉంటుందని మాకు తెలుసు. ఒక్కరే కాదనలేరు, సంఘంగా కాదనొచ్చు.

8. డిజైన్ కళాశాలలు చివరి ఏడాది ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు, దాన్ని వాడి చూసిన బయటి మనుషుల మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి. వీలైతే విద్యార్థులను కొన్ని వారాలు మా లాంటివాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఫారం నింపలేక ఇబ్బంది పడే మనిషి పక్కన కూర్చుంటే తరగతిలో దొరకనిది దొరుకుతుంది. మేం చోటిస్తాం.

మొదట్లో చెప్పిన ఫారంలో తప్పులు, ఏ గడి దగ్గర ఎలాంటి వాళ్లు ఆగిపోతున్నారు, ఏం మారిస్తే సరిపోతుంది అన్నవి పేజీలవారీగా మా దగ్గర రాసి ఉన్నాయి. ఆ కార్యాలయం అడిగినా, దాన్ని తయారుచేసినవారు అడిగినా ఉచితంగా ఇస్తాం, వచ్చి పక్కన కూర్చుని చూపిస్తాం. పుట్టిన తేదీ గడిలో క్యాలెండర్ తీసేసి, రోజు, నెల, సంవత్సరం అంకెల్లో రాసుకోనిస్తే చాలు. ముందు అది మార్చండి. ఈ నెలలోనే మార్చండి.

ఇట్లు,
దరఖాస్తులు నింపడంలో తోటివారికి సాయపడే ఒక పౌరుడు